హైదరాబాద్ దారి పట్టకముందే ఆపాల్సిన రక్తం

తమ్ముడూ, మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెబుతాను. మీ చిన్నాయన కొడుకు, 24 ఏళ్లవాడు, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో నకిరేకల్ నుంచి బండి మీద ఊరికి వస్తున్నాడు. రోడ్డు అంచున లైట్లు లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రక్కును వెనక నుంచి గుద్దాడు. హెల్మెట్ ఉంది, తల పగల్లేదు. లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు, దూప (దాహం) అయితుందన్నాడు, కడుపులో నొప్పి అన్నాడు. ఆటోలో దగ్గరున్న చిన్న ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైన్ పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. చౌటుప్పల్ దాటాక అంబులెన్సులోనే పోయాడు. "ఇంకో అరగంట ముందు హైదరాబాద్ చేరి ఉంటే బతికేవాడా సార్? మాదేమన్నా తప్పుందా?" అని అడిగారు.

మీ తప్పు లేదు. డాక్టరు పొమ్మన్న చోటికే మీరు తీసుకెళ్లారు. ఇక బతికేవాడా అన్న ప్రశ్నకు పోస్టుమార్టం రిపోర్టు చూస్తేనే ఖాయమైన జవాబు దొరుకుతుంది. కానీ మీరు చెప్పిన లక్షణాలన్నీ కడుపులో రక్తం కారడాన్నే చూపిస్తున్నాయి. బండి హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద బలంగా తగిలితే ప్లీహం (స్ప్లీన్) చిట్లుతుంది, కుడివైపు తగిలితే లివర్. పైన చర్మం మీద చిన్న గీత కూడా ఉండకపోవచ్చు. దూప, చల్లటి చెమట, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, మాట మెల్లమెల్లగా మందగించడం, ఇవి ఒంట్లో రక్తం తగ్గిపోతున్నప్పుడు వరసగా కనిపించే గుర్తులు. అలాంటి మనిషికి హైదరాబాద్ అరగంట ముందు దొరకడం కన్నా, అరగంట దూరంలో ఉన్న ఆపరేషన్ థియేటర్ దొరకడం ముఖ్యం. నకిరేకల్ నుంచి సూర్యాపేట గానీ నల్లగొండ గానీ నార్కట్‌పల్లి గానీ గంటలోపు దారి. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. నార్కట్‌పల్లిలో అంతకు చాలా ముందు నుంచే ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైమాట. ఎల్బీనగర్ చేరాక ట్రాఫిక్ లెక్క వేరు.

నేను జనరల్ సర్జన్‌ని. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే నా సర్వీసు ఎక్కువ గడిచింది. చిట్లిన ప్లీహాన్ని తీసేయడం జనరల్ సర్జరీ చదివిన ఎవరైనా చేయగలిగిన ఆపరేషన్. దానికి కార్పొరేట్ ఆస్పత్రి అక్కర్లేదు. ఒక సర్జన్, ఒక మత్తు డాక్టర్, ఒక థియేటర్, నాలుగైదు సీసాల రక్తం, రాత్రి పూట కూడా పనిచేసే ల్యాబ్ ఉంటే చాలు. ఈ నాలుగైదూ ఒకే చోట, ఒకే సమయంలో దొరక్కపోవడం వల్లే మన దగ్గర పిల్లలు పోతున్నారు. రోడ్డు ప్రమాదాల్లో తెలంగాణలో ఏటా 7 వేల మందికి పైగా చనిపోతున్నారు. దేశం మొత్తం మీద 2023లో ఆ సంఖ్య 1.72 లక్షలు దాటింది. వీళ్లలో అందర్నీ ఏ ఆస్పత్రీ కాపాడలేదు. కొందర్ని మాత్రం తప్పకుండా కాపాడొచ్చు. ఆ కొందరి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాపాడలేనివాళ్ల సంగతి చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయింది. 45 మంది చనిపోయారు. పక్కనే ఎంత గొప్ప ఆస్పత్రి ఉన్నా వాళ్లలో ఎక్కువమందికి ఉపయోగం ఉండేది కాదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో నందమూరి హరికృష్ణ గారి కారు పల్టీ కొట్టింది. ఆయన కారులోంచి బయటికి ఎగిరిపడ్డారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. నార్కట్‌పల్లి ఆస్పత్రి దగ్గరే ఉంది, వెంటనే తీసుకెళ్లారు, ఐనా ప్రాణం దక్కలేదు. ఇలాంటి చావుల్ని ఆపాల్సింది రోడ్డు మీదే: బెల్టుతో, స్పీడు తగ్గించి, మంటకు తట్టుకునే బండ్లతో, సరైన రోడ్డు డిజైన్‌తో. హెల్మెట్ సంగతి కూడా అంతే. సరిగ్గా బకిల్ పెట్టుకున్న హెల్మెట్ చావు ముప్పును సుమారు 40 శాతం, తల గాయం ముప్పును దాదాపు 70 శాతం తగ్గిస్తుందని చాలా దేశాల పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు తేలింది. మీ తమ్ముడికి హెల్మెట్ తన పని తాను చేసింది. తలను కాపాడింది. తర్వాత చేయాల్సిన పని మా డాక్టర్లది.

ఇక కాపాడగలిగిన చావులు. వీటిలో మూడు రకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది ఊపిరి ఆడక పోవడం. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారుతుంది, నోట్లోని రక్తం, వాంతి గొంతులోకి పోతాయి. మన ఆటోల్లో ఇంకా ఘోరం జరుగుతుంది. ఇద్దరి మధ్య కూర్చోబెడతారు, తల ఛాతీ మీదికి వాలిపోతుంది. తలకు తగిలిన దెబ్బ మామూలుదే ఐనా, పావుగంట సేపు గాలి అందక మెదడు చచ్చిపోతుంది. తర్వాత సీటీ స్కాన్ తీస్తే మెదడు వాచి ఉంటుంది, "తలకు బలమైన గాయం" అని రాస్తారు. అసలు ఆ మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంటే బతికేవాడు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఒక్కసారి పై బీపీ 90 కిందికి పడినా చావు ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. గాలి తగ్గినా అంతే. న్యూరోసర్జన్ దొరికేదాకా తల గాయానికి వైద్యమే లేదనుకోవడం పొరపాటు. గాలి, రక్తపోటు నిలబెట్టడమే తల గాయానికి మొదటి వైద్యం, అది ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా చేయొచ్చు.

ఇంకో సంగతి, తల గాయాల్లో మాట్లాడి పోయేవాళ్లు ఉంటారు. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పి, మళ్లీ లేచి బాగానే మాట్లాడతారు. ఇంటికి కూడా వెళ్లిపోతారు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకడుతూ, రెండు మూడు గంటల్లో మళ్లీ మత్తులోకి జారిపోతారు. ఒక కంటిపాప పెద్దదవుతుంది. వేళకు పుర్రెకు రంధ్రం చేసి గడ్డ తీస్తే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఇలాంటి కేసులో మాత్రం సీటీ, న్యూరోసర్జన్ ఉన్న చోటికి నేరుగా పోవాలి. అందుకే "ఎక్కడికి" అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు.

రెండోది ఛాతీ. పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుంటే గాలి బయటికి రాలేక లోపలే నిండి గుండెను ఒక పక్కకు నెట్టేస్తుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, మనిషి గాలి కోసం తన్నుకుంటాడు. ఒక లావు సూది గుచ్చి గాలి వదిలి, తర్వాత ఛాతీ ట్యూబు వేస్తే మన కళ్ల ముందే రంగు మారుతుంది. సర్జరీలన్నిటిలో ఇంత తక్కువ సామానుతో ఇంత పెద్ద ఫలితం ఇచ్చే పని ఇంకోటి నేను చూడలేదు. ఐనా ట్యూబు వేయకుండానే రెఫర్ చీటీ రాసి పంపిన కేసులు దారిలో పోయాయి.

మూడోది రక్తం, మీ తమ్ముడి విషయం. పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తొడ ఎముక ఒక్కటి విరిగితే లోపల్లోపలే లీటరు, లీటరున్నర కారిపోతుంది. కటి ఎముకలు పగిలితే ఇంకా ఎక్కువ. కడుపులోకి ఎంతైనా పడుతుంది. కుర్రాళ్లలో ఇంకో మోసం ఉంది. వాళ్ల రక్తనాళాలు గట్టిగా బిగుసుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. బీపీ 110 ఉందని రాసుకుని ధైర్యపడతాం. అప్పటికే నాడి 130 కొడుతుంటుంది, చేతులు చల్లబడి ఉంటాయి. తర్వాత ఒక్కసారిగా కూలిపోతారు. ఆ కూలడం మీ తమ్ముడికి చౌటుప్పల్ దగ్గర జరిగి ఉంటుంది.

సెలైన్ పెట్టారు కదా అంటారు. కారుతున్న చోట కట్టేయకుండా సెలైన్ మాత్రమే ఎక్కిస్తూ పోతే, పాలలో నీళ్లు పోసినట్టు రక్తం పలచబడుతుంది. గడ్డకట్టే గుణం తగ్గుతుంది. ఒళ్లు చల్లబడుతుంది, చల్లబడిన రక్తం ఇంకా గడ్డకట్టదు. ఈ మనిషికి కావాల్సింది రక్తం, కత్తి. ఆలోపు మూడు గంటలు దాటకముందే, వీలైతే మొదటి గంటలోనే, రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ అనే మందు ఒక గ్రాము ఇవ్వాలి. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులకు ఇచ్చి చూసిన పరిశోధన 2010లో వచ్చింది. తొందరగా ఇస్తే రక్తస్రావంతో చావు తగ్గుతుందనీ, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు జరగొచ్చనీ ఆ పరిశోధన లెక్కల్లోనే తేలింది. ఇదేమీ దొరకని మందు కాదు. నెలసరిలో ఎక్కువ రక్తం పోయే ఆడవాళ్లకు రాసే మందే ఇది, మండలం సెంటర్లో మందుల షాపులో కూడా ఉంటుంది. మీ తమ్ముడిని మొదట చూసిన ఆస్పత్రిలో ఆపరేషన్ చేసే వసతి ఉండి ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ ఆ ఇంజెక్షన్ ఇచ్చి, నల్లగొండకో సూర్యాపేటకో ఫోన్ చేసి, "కడుపు బ్లీడింగ్ కేసు వస్తోంది, థియేటర్ రెడీ చేయండి, రక్తం పెట్టండి" అని చెప్పి పంపి ఉండొచ్చు. ఆ ఫోన్ కాల్ మన వ్యవస్థలో ఎవరి డ్యూటీ అని ఎక్కడా గట్టిగా లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

అసలు దెబ్బలు తగిలినవాళ్లను ఏ వరసలో చూడాలన్న పద్ధతి కూడా ఒక పల్లె ఆస్పత్రి అనుభవం నుంచే పుట్టింది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య అక్కడే చనిపోయింది, పిల్లలకు గాయాలు. దగ్గరి చిన్న ఆస్పత్రికి వెళ్తే అక్కడివాళ్లకు ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియదు. దాని మీద కోపంతో, పట్టుదలతో ఆయన, తోటి డాక్టర్లు కలిసి 1978లో మొదటి శిక్షణ పెట్టారు. ముందు గాలిదారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ అన్న వరస ఇవాళ ప్రపంచమంతా పాటించేది ఆ శిక్షణ వల్లే. అది పెద్ద ఊరి ట్రామా సెంటర్ల కోసం తయారైంది కాదు, మన నకిరేకల్, దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల రాత్రి డ్యూటీలో ఒంటరిగా కూర్చున్న డాక్టరు కోసం. మన జిల్లాల్లో క్యాజువాలిటీ డ్యూటీ చేసే ప్రతి డాక్టరుకూ, ప్రతి నర్సుకూ ఆ శిక్షణ తప్పనిసరి కావాలి.

చిన్న ఆస్పత్రులు ఎందుకు వెంటనే రెఫర్ చేస్తాయో కూడా నిజం మాట్లాడుకోవాలి. టేబుల్ మీద పేషెంటు పోతే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం ఒకటి. నాకు తెలిసిన మంచి సర్జన్లు కూడా ఈ టెన్షన్‌తోనే రాత్రి కేసులు ముట్టుకోవడం మానేశారు. అంబులెన్సులో పోతే ఎవరూ ఎవర్నీ అడగరు. ఎక్కువ ప్రమాదం ఉన్న కేసును చేతుల్లోకి తీసుకున్న డాక్టరు మీద చేయి చేసుకున్న ప్రతిసారీ, ఆ తర్వాత వచ్చే పది మందిని మనమే హైదరాబాద్ దారి పట్టిస్తున్నాం. దయచేసి ఈ మాట మీ ఊళ్లో పెద్దమనుషులకు చెప్పండి.

డబ్బు భయం ఇప్పుడు కొంత తగ్గాల్సిందే. 2025 మే నుంచి కేంద్రం తెచ్చిన పథకం కింద, రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స చేయాలి. మనకు ఆరోగ్యశ్రీ ఎలాగూ ఉంది. ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇవేవీ లేకున్నా, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా గాయపడినవాడికి ముందు చికిత్స చేయాలి, పోలీసు కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. తీసుకొచ్చినవాళ్లకు కూడా రక్షణ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, ఆస్పత్రిలో వాళ్లను ఆపి ఉంచకూడదు, డబ్బు కట్టమనకూడదు. ఆటో డ్రైవర్లకు ఈ విషయం ఇంకా తెలియదు. స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందని చూసీ చూడనట్టు పోతున్నారు.

ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవాళ్లు చేయాల్సింది. మొదట, వెనక నుంచి వచ్చే బండ్లను ఆపండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద, జడ్చర్ల నుంచి ఆలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు రహదారి మీద, సాయం చేయడానికి వంగినవాళ్లను రెండో లారీ గుద్దిన సంఘటనలు ఉన్నాయి. ఒకరు వంద అడుగుల వెనక నిలబడి ఫోన్ లైటు ఊపాలి. ఇంకొకరు 108కి, హైవే మీదైతే 1033కి కూడా ఫోన్ చేయాలి. ఊరి పేరు ఒక్కటే చెబితే చాలదు, ఏ వైపు రోడ్డు, ఏ కిలోమీటరు రాయి, ఏ దాబా దగ్గర అన్నది చెప్పండి. రక్తం కారుతున్న చోట కండువానో చున్నీనో మడిచి బలంగా నొక్కి పట్టండి, మాటిమాటికి తీసి చూడకండి. కాలో చెయ్యో నలిగి నొక్కినా ఆగకపోతే పైన గట్టిగా కట్టి, కట్టిన టైము డాక్టరుకు చెప్పండి. స్పృహ లేకపోతే మెడ, నడుము ఒకేసారి తిప్పుతూ పక్కకు పడుకోబెట్టండి.

నీళ్లు తాగించకండి. దీని గురించి విడిగా చెప్పాలి. పడినవాడు దూప అంటాడు, చూసేవాళ్లకు జాలి కలుగుతుంది, ఎవరో ఒకరు బాటిల్ తెరుస్తారు. స్పృహ సరిగా లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్ అవసరమైతే నిండిన కడుపుతో మత్తు ఇవ్వడం ప్రమాదం. పెదాలు తడపండి, అంతే. దూప అన్న మాట విన్నప్పుడు లోపల రక్తం కారుతోందేమో అని అనుమానించండి. దుప్పటి కప్పండి, మే నెలైనా సరే.

108 ఆలస్యం అవుతుందని తెలిస్తే ఆటోలో కూర్చోబెట్టే బదులు, ట్రాలీ ఆటోలో మంచం మీదో చెక్క తలుపు మీదో పడుకోబెట్టి తీసుకెళ్లండి. బయల్దేరేటప్పుడే ఒకరు ఆస్పత్రికి ఫోన్ చేసి సర్జన్ ఉన్నారా, మత్తు డాక్టర్ ఉన్నారా, రక్తం ఉందా అని అడగండి. మూడింటిలో ఒకటి లేదంటే తర్వాతి ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఈ నంబర్లు ప్రమాదం జరిగిన రాత్రి వెతికితే దొరకవు. ముందే పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి ఉండాలి. మీ ఊళ్లో ఈ ఒక్క పని చేయించగలిగితే చేయించండి.

జిల్లా స్థాయిలో నేను ఏళ్ల తరబడి అడుగుతున్నది ఒకటుంది. కాన్పులో తల్లి చనిపోతే ఆ చావును జిల్లా అధికారులు విడిగా సమీక్షిస్తారు. ఏ టైముకు నొప్పులు వచ్చాయి, ఎప్పుడు బయల్దేరారు, ఎక్కడ ఆలస్యమైంది, రక్తం ఎందుకు దొరకలేదు అని అడుగుతారు. ఆ అడగడం వల్లే ఆస్పత్రులు మారాయి. రోడ్డు మీద చనిపోయినవాడికి ఎఫ్ఐఆర్ ఉంటుంది, పంచనామా ఉంటుంది, పోస్టుమార్టం ఉంటుంది. గాయపడినప్పటి నుంచి పోయేదాకా గడిచిన ఆ రెండు మూడు గంటల గురించి అడిగేవాళ్లు లేరు. కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. నేను కూర్చున్న సమావేశాల్లో బ్లాక్ స్పాట్లు (మాటిమాటికి ప్రమాదాలు జరిగే చోట్లు), యూటర్న్‌లు, స్పీడ్ బ్రేకర్లు, రేడియం స్టిక్కర్లు చర్చకు వచ్చాయి. అవన్నీ కావాల్సినవే. లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కులకు రేడియం అంటించి ఉంటే మీ తమ్ముడికి ఆస్పత్రే అవసరమయ్యేది కాదు. దాంతోపాటు ఆ నెలలో చనిపోయినవాళ్ల పోస్టుమార్టం రిపోర్టుల్ని ఒక సర్జన్, ఒక మత్తు డాక్టర్, ఒక పోలీసు అధికారి, 108 మనిషి కలిసి చదవాలి. తల బాగుండి, కడుపు నిండా రక్తం ఉన్న ప్రతి రిపోర్టు దగ్గర ఆగి, ఈ మనిషి ఏ థియేటర్ దాటి వెళ్లాడు, ఆ రాత్రి అక్కడ ఎవరు లేరు అని రాసుకోవాలి. ఎవర్నీ శిక్షించడానికి కాదు. శిక్ష భయం ఉంటే ఎవరూ నిజం రాయరు. ఏ ఆస్పత్రిలో రాత్రి మత్తు డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందో, ఏ బ్లడ్ బ్యాంకు సాయంత్రం తర్వాత పలకదో, ఆరు నెలల్లో కాగితం మీదే బయటపడుతుంది.

మీ కుటుంబం ఇప్పుడు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు స్టేషన్ నుంచి తీసుకోండి. ఎఫ్ఐఆర్‌లో ట్రాక్టర్ లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న విషయం, ట్రాక్టర్ నంబరు రాశారో లేదో చూడండి. ట్రక్కుకు విడిగా నంబరు ఉంటే అది కూడా. వెనక నుంచి గుద్దింది మనవాడే కదా అని ఎవరైనా అంటే వినకండి. చీకట్లో హెచ్చరిక లేకుండా బండి ఆపినవాడికి కూడా బాధ్యత ఉంటుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు 6 నెలల్లోపు వేయండి, ఆలస్యం చేస్తే చిక్కులు వస్తాయి. మొదట చూసిన ఆస్పత్రి నుంచి కేస్ షీట్, రెఫర్ చీటీ కాపీ అడగండి, అందులో రాసిన టైము, నాడి, బీపీ ముఖ్యం. పోస్టుమార్టం కాగితం చేతికి వచ్చాక కడుపు భాగం దగ్గర ఏం రాశారో, రక్తం ఎన్ని లీటర్లని రాశారో నాకు రాయండి. చదివి, మీ చిన్నాయనకు అర్థమయ్యేలా ఉన్నదున్నట్టు చెబుతాను.